ముఖం ఒకరిది, కోటు మరొకరిది

ముప్పై ఏళ్లు దర్జీగా కత్తెర పట్టిన నాకు ఎదుటి మనిషిలో ముందు భుజాలు కనిపిస్తాయి, ముఖం తరువాతే. కొన్ని నెలలుగా నా ఫోనులో ఒక చిత్రం ఉంది. 1740లలో లండన్‌లో వేసిన తైలవర్ణ చిత్రం, పేరు తెలియని పెద్దమనిషిది. పౌడరు చల్లిన విగ్గు, ఉబ్బిన కనురెప్పలు, నిద్ర చాలని చూపు, నీలం వెల్వెట్ కోటు. చూసినప్పుడల్లా ఒకటే చికాకు: ఆ కోటు ఆ మనిషిది కాదు.

తొడిగిన కోటు దాగదు. మోచేతి దగ్గర మడతలు నిలిచిపోతాయి, పొట్ట ఉన్నవారికి మూడో బొత్తాం దగ్గర కాజా సాగుతుంది. ఇతనికి పొట్ట ఉండే ఉంటుంది, గడ్డం కింద కండే చెబుతోంది. కోటు మాత్రం అప్పుడే ఇస్త్రీ చేసి బొమ్మకు తొడిగినట్టుంది.

వెతికితే తెలిసింది, నా అనుమానం వట్టిది కాదు. ఆంట్వెర్ప్ నుంచి లండన్ వచ్చిన జోసెఫ్ వాన్ ఆకెన్‌కు ఇతరుల చిత్రాల్లో బట్టలు వేయడమే బతుకుతెరువు. థామస్ హడ్సన్, అలన్ రామ్సే వంటి పేరున్న చిత్రకారులు ముఖం వేసి కాన్వాసు ఆయనకు పంపేవారు. పట్టు, వెల్వెట్, లేసు ఆయన వంతు. కీళ్లున్న చెక్కబొమ్మకు బట్టలు తొడిగి, ఎదురుగా పెట్టుకుని వేయడం ఆ రోజుల్లో మామూలే. చెక్కబొమ్మకు పొట్ట ఎక్కడిది! 1749లో ఆయన పోతే, శవయాత్రలో చిత్రకారులంతా దిక్కులేనివారై ఏడుస్తున్నట్టు హోగార్త్ అనే లండన్ చిత్రకారుడు వ్యంగ్యచిత్రం గీశాడట. పేరు మాత్రం ముఖం వేసినవారిదే. కాజాలు కుట్టినవారి పేరు ఏ కోటు మీదా ఉండదు కనుక ఈయన మీద నాకు కొంచెం పక్షపాతం.

ఈ కోటు వేసింది ఆయనో, అదే పనిలో ఉన్న మరొకరో, బొత్తాలు మాత్రం ముద్దొస్తున్నాయి. బట్ట చుట్టిన బొత్తాలు వాడకూడదని 1721లో ఇంగ్లండ్‌లో చట్టమే తెచ్చారు, పట్టుదారంతో బొత్తాలు చేసేవారి పని పోకుండా. వీటి మీద దారం చుట్లు లెక్కపెట్టవచ్చు.

ఇతను కుడిచేయి కోటు లోపలి వెయిస్ట్‌కోటులో దూర్చడం నాకు నచ్చలేదు. 1737 నాటి ఒక మర్యాదల పుస్తకం దాన్ని ధైర్యానికీ వినయానికీ గుర్తుగా నేర్పిందట. దానికోసం బొత్తాలు విప్పి ఉంచాలి, శ్రమపడి నిలబెట్టిన ముందుపట్టీ వంకర పోతుంది. వినయం సంగతి ఏమో గాని, కుట్టు పాడైంది.

ఇద్దరు వేసిన బొమ్మ అయితే ఎక్కడో అతుకు ఉండాలి. నిన్న రాత్రి ఫోనులో పెద్దది చేసి అంచులన్నీ వెతికాను. మెడకు చుట్టిన తెల్లబట్ట ఎడమ అంచున, తెలుపు కింద నుంచి చర్మం రంగు పిసరంత కనిపించింది. ముఖం వేసినాయన మెడ కిందకు కొంచెం ఎక్కువే వేసి పంపాడు. మేమూ అతుకు దగ్గర అరంగుళం బట్ట వదులుతాం.