గ్రంథపాలకురాలు చేతికిచ్చిన కావ్యం

పోటీ పరీక్షల పుస్తకాల కోసం నేను వెళ్ళే శాఖా గ్రంథాలయంలో, గ్రంథపాలకురాలు ఈసారి జాషువా ‘గబ్బిలం’ నా చేతికిచ్చి, ప్రతి మాటకూ అర్థం వెతుక్కుంటూ ఆగకుండా ముందు ఒకసారి బిగ్గరగా చదువుకోమని చెప్పారు. 1941లో వెలువడిన ఆ కావ్యంలో, గుడి గడప తొక్కనివ్వని ఒక నిరుపేద తన మొరను గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి పంపుకుంటాడు; మనిషికి లేని ప్రవేశం, గుడి కప్పుకు తలకిందులుగా వేలాడే ఆ ప్రాణికి ఉంది. అంటరానితనం గురించి వ్యాసాలు చాలానే చదివాను గానీ, ఈ ఒక్క ఊహ నన్ను నిలదీసినంతగా అవేవీ నిలదీయలేదు. కాళిదాసు ‘మేఘసందేశం’లో కబురు మోసుకెళ్ళే మేఘం ప్రేయసి కోసం సాగితే ఈ గబ్బిలం ఆకలిగొన్నవాని కోసం ఎగిరిందని ఆవిడ వివరించినప్పుడు, సంప్రదాయ ఛందస్సుతోనే సంప్రదాయాన్ని ప్రశ్నించిన ఆ కవి ధైర్యం (అది సామాన్యమైన ధైర్యం కాదు) నాకు తెలిసివచ్చింది. తరువాత చదవడానికి తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’ని పక్కన పెట్టి ఉంచారు. రోజంతా ఫోనులో వార్తలను వేలితో తోసేస్తూ పోయే మనకు, ఒక మనిషి బాధ దగ్గర కాసేపు నిలబడే ఓపికను పద్యమే ఇవ్వగలదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. దగ్గరలో గ్రంథాలయం ఉన్నవారు వెళ్ళి, కవిత్వంలో ఏది చదవమంటారో అక్కడివారినే అడగండి.