బెండ్లతో విమానం లేస్తుందా?

మొన్న మొక్కజొన్న కోతలప్పుడు ఖమ్మం దగ్గర మా మేనత్త వాళ్ల ఊరికి వెళ్లాను. కల్లంలో మిషన్ గింజలు ఒలిచి ఒకవైపు పోస్తుంటే ఇంకోవైపు బెండ్లు నడుమెత్తు గుట్టగా పడుతున్నాయి. మా బావ ఒక బెండు తీసి నా చేతిలో పెట్టి, "ఏరా బామ్మర్దీ, కెమిస్ట్రీ చదివావు కదా, దీంతో విమానం నడుపుతారట, వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?" అన్నాడు. అవునంటే అబద్ధం కాదు, కాదన్నా పెద్ద అబద్ధం కాదు. అంత దుమ్ములో, ఆ మిషన్ మోతలో నిలబడి చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

విమానానికి పోసేది దాదాపు కిరోసినే. ఎనిమిది నుంచి పదహారు దాకా కార్బన్లు వరసగా చేతులు పట్టుకుని నిలబడితే చుట్టూ హైడ్రోజన్ తప్ప ఇంకేమీ ఉండదు. పైన ఆకాశంలో చలికి గడ్డకట్టకూడదు, జెట్ ఎ-1 అనే రకం అయితే మైనస్ 47 డిగ్రీల దాకా తట్టుకోవాలి. బండికి పెట్రోల్లో ఇథనాల్ కలిపినట్టు ఇందులో కలిపేస్తే పోలేదా అంటే, కిలో జెట్ ఫ్యూయల్‌లో 43 మెగాజౌళ్ల శక్తి ఉంటే కిలో ఇథనాల్‌లో 27 దగ్గరే, గాల్లో మోసుకెళ్లే బరువు అది, దండగ.

మరి బెండులో ఏముంది? ఎక్కువ భాగం చక్కెరల గొలుసులు, మిగతాది వాటిని పట్టి ఉంచే లిగ్నిన్. గ్లూకోజ్ బరువులో 53 శాతం ఆక్సిజనే. అంటే చెట్టు ఇచ్చిన సరుకు అప్పటికే సగం కాలినట్టు లెక్క. కాబట్టి పని రెండు ముక్కలు: ఆక్సిజన్‌ని పీకేయాలి, పొట్టి కార్బన్ ముక్కల్ని అతికి పొడుగు చేయాలి. ఆ అతుకుడికీ పీకుడికీ ఉత్ప్రేరకాలు, అంటే తాము ఖర్చవకుండా పని జరిపించే పదార్థాలు, కావాలి. నూనెతో చేసేవాళ్లకి రెండో పని లేదు, నూనె గొలుసులు ముందే పొడుగ్గా ఉంటాయి, అందుకే ఇవాళ మార్కెట్‌లో ఉన్న పచ్చ (అంటే భూమిలోంచి తవ్వి తీయని) విమాన ఇంధనంలో ఎక్కువ భాగం వాడేసిన వంటనూనె, కొవ్వుల నుంచే వస్తోంది.

చక్కెర దారిలో నాకు బాగా నచ్చిన పని అమెరికాలో విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలో జేమ్స్ డ్యూమెసిక్ బృందం చేసింది. 2005లో వాళ్లు చూపించిన దారి ఇది: చక్కెరల్ని ఆమ్లంతో నీళ్లు వదిలేలా చేస్తే ఫర్ఫురాల్, దాని అన్న హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫురాల్ వస్తాయి. (ఫర్ఫురాల్ కొత్తదేం కాదు, 1922 నుంచే అమెరికాలో ఓట్స్ పొట్టుతో ఫ్యాక్టరీలో తయారు చేశారు, బెండ్లతోనూ చేస్తారు.) ఫర్ఫురాల్‌లో ఐదు కార్బన్లు, మధ్యలో మూడు కార్బన్ల అసిటోన్‌ని పెట్టి రెండువైపులా రెండు ఫర్ఫురాల్‌లని తగిలిస్తే పదమూడు. ఆరు కార్బన్ల అన్నగారితో చేస్తే పదిహేను. ఆ తర్వాత హైడ్రోజన్ పట్టిస్తూ ఆక్సిజన్‌ని నీళ్లగా వదిలిస్తే కిరోసిన్ పరిధిలోకి వచ్చేశాం. భలే ఉంది కదా, కానీ హైడ్రోజన్ ఎక్కడిది? ఉరామరిగా లెక్కేసినా 180 కిలోల గ్లూకోజ్‌లోంచి ఆక్సిజన్ అంతా నీళ్లగా తీయాలంటే 14 కిలోల హైడ్రోజన్ కావాలి, ఇవాళ దొరికే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజవాయువు నుంచో బొగ్గు నుంచో వచ్చేదే. అంటే దొంగ దారిలో మళ్లీ ఆ భూమిలో తవ్విన కార్బనే.

2010లో అదే బృందం ఇంకో దారి పట్టింది. చక్కెర నుంచి లెవ్యులినిక్ ఆమ్లం తీస్తారు, తీసేటప్పుడు పక్కన ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది, దాన్ని పారబోయకుండా హైడ్రోజన్ కోసం వాడుకుని గామా వాలెరోలాక్టోన్ అనే ఉంగరం ఆకారపు అణువుని చేస్తారు. దాన్ని సిలికా-అల్యూమినా అనే ఉత్ప్రేరకం మీద ఒత్తిడిలో, 36 బార్ దాకా, మన కుక్కర్ ఒత్తిడికి చాలా రెట్లు, వేడిచేస్తే ఉంగరం విడిపోయి బ్యూటీన్, కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. బ్యూటీన్‌లో నాలుగు కార్బన్లు, రెండు అతికితే ఎనిమిది, మూడైతే పన్నెండు, నాలుగైతే పదహారు. ఖరీదైన లోహాలు చాలావరకు అక్కర్లేదు, బయట నుంచి హైడ్రోజన్ తేనక్కర్లేదు.

ఇది చదివినప్పుడు పెన్ను తీసి లెక్క వేశాను. గ్లూకోజ్ ఒకటి వేస్తే బ్యూటీన్ ఒకటి, కార్బన్ డయాక్సైడ్ రెండు, నీళ్లు రెండు. అన్నీ సరిగ్గా సరిపోయాయి. ఇప్పుడు చక్కెరని ఈస్ట్‌తో పులియబెట్టి ఇథనాల్ చేసి, దాన్ని అతకడానికి పనికొచ్చే ఎథిలీన్ చేస్తే? అక్కడా కార్బన్లు నాలుగు మిగులుతాయి, కార్బన్ డయాక్సైడ్ రెండు పోతుంది, నీళ్లు రెండు. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి! ఈస్ట్ చేసినా మన సిలికా చేసినా, హైడ్రోజన్ అప్పు తేకపోతే 100 కిలోల చక్కెరకి 31 కిలోలకి మించి ఇంధనం రాదు. ప్రకృతి ఖాతా పుస్తకం అంతే కఠినం. నా మటుకు నాకు ఈ రంగంలో అసలు సంగతి ఉత్ప్రేరకం కన్నా ఈ లెక్కే, వాట్సాప్ వార్తల్లో అదే ఉండదు.

అదీ అంతా సాఫీగా జరిగితే. చక్కెరని ఆమ్లంలో వేడిచేస్తే కొంత భాగం నల్లగా జిగురుగా మాడిపోతుంది, బెల్లం పాకం మర్చిపోయి పొయ్యి మీద వదిలేస్తే ఎలా అవుతుందో అలా. హ్యూమిన్లు అంటారు, పైపులకి అతుక్కుంటాయి, ఉత్ప్రేరకం రంధ్రాలు మూసేస్తాయి. ఆమ్లంలో గంధకం ఉంటే ఉత్ప్రేరకంగా వాడే రుథీనియం లాంటి లోహం విషం తిన్నట్టు డీలా పడుతుంది. అందుకే డ్యూమెసిక్ వాళ్లు 2014లో ఆ వాలెరోలాక్టోన్‌నే ద్రావణిగా వాడి, కొంచెం నీళ్లు కలిపి, మొక్కజొన్న చొప్పలోంచి చక్కెర రాబట్టి చూపించారు, ఎంజైములు లేకుండా. ఆ పేపర్ చదివి ఓ రోజంతా సంబరపడ్డాను.

చక్కెర ఇంధనం ల్యాబ్ దాటి గాల్లోకి కూడా వెళ్లింది. డ్యూమెసిక్ మరొకరితో కలిసి 2002లో పెట్టిన వైరెంట్ కంపెనీ చక్కెర నుంచి తయారుచేసిన భాగం కలిపిన ఇంధనంతో 2021 డిసెంబర్ 1న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 737 మ్యాక్స్ 8 ఒకటి షికాగో నుంచి వాషింగ్టన్‌కి ప్రయాణికులతో వెళ్లింది. ఒక ఇంజన్‌లో వంద శాతం పచ్చ ఇంధనం, రెండోదాంట్లో మామూలుది. వైరెంట్ భాగం అవసరం ఎందుకంటే నూనె నుంచి చేసినదాంట్లో ఆరోమాటిక్స్ (కార్బన్లు ఉంగరంగా ఉండే అణువులు) ఉండవు, అవి లేకపోతే పాత రబ్బరు సీళ్లు ఉబ్బక లీకులొస్తాయి. అందుకే మామూలు విమానాల్లో సగానికి మించి కలపనివ్వరు.

మన దేశంలో 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ చిన్న విమానం డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి వచ్చింది, డెహ్రాడూన్‌లోని సీఎస్‌ఐఆర్ పెట్రోలియం సంస్థ చేసిన ఇంధనం మామూలుదాంట్లో కొంత కలిపి. అది అడవి ఆముదం నూనెతో చేసింది. ఆ పేరు వింటే మా బాబాయికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అప్పట్లో ఎవరో చెప్పారని రెండెకరాలు పెట్టి గింజలు కొనేవాళ్లు లేక పీకేశాడు.

2024లో ప్రపంచం వాడిన విమాన ఇంధనంలో పచ్చది 0.3 శాతమే, ధర మామూలుదానికి రెండు నుంచి ఐదు రెట్లు. మన ప్రభుత్వం అంతర్జాతీయ విమానాలకి 2027లో 1 శాతం, 2030కి 5 శాతం అని లక్ష్యం పెట్టుకుంది.

బావకి ఫోన్ చేసి లెక్క చెప్పాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మధ్య సైజు విమానం ఐదు టన్నుల దాకా తాగుతుంది, బెండులో చక్కెర డెబ్బై శాతం అనుకుని ఒక్క గ్రాము వృథా కాకుండా చేసినా ఇరవై టన్నుల పైనే బెండ్లు కావాలి, నిజంగా అయితే దానికి రెట్టింపు అనుకో అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"ఇరవై టన్నుల బెండ్లు ఏ ట్రాక్టర్‌లో పడతాయిరా, గాలి కన్నా తేలిక," అన్నాడు. "సరే, పోవడానికి మా ఊరు సరిపోయింది. మరి తిరిగి రావడానికి?"