అత్తయ్య మోకాళ్లకు సరిపడే బండి

ప్రయాణం ఉందంటే మా అత్తయ్య ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. దారిలో మరుగుదొడ్డి దొరుకుతుందో లేదో, దొరికినా కూర్చుని లేవగలరో లేదో అన్న బెంగ. ఒంటిమిట్ట కోదండరాముడిని చూడాలని మూడేళ్లుగా అడుగుతున్నారు. ఒకసారి అనంతపురం నుంచి కారులో బయలుదేరి, తాడిపత్రి చేరకముందే వెనక్కి తిరిగి వచ్చాం. ఆ రోజు ఆమె ముఖం చూడలేకపోయాను. అందుకే కిందటి డిసెంబరులో, లోపలే పడకలు, మరుగుదొడ్డి ఉండే కారవాన్ బండి అద్దెకు తీసుకుందామని నేనే పట్టుబట్టాను.

ఇంగ్లండులో ఉండే మా మరిదికి వీటి సంగతి బాగా తెలుసు. అతనిది కారు వెనక తగిలించి లాక్కెళ్లే రకం, దానికి ఇంజను ఉండదు. సామానుతో సహా దాని బరువు కారు బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని అక్కడ కొత్తవాళ్లకు చెబుతారట. బరువైన వస్తువులు ఇరుసు మీదకు వచ్చేలా, నేలకు దగ్గరగా సర్దాలట. లేకపోతే వేగంలో తోక ఊగి, కారును కూడా పక్కకు లాగేస్తుందట. మన ఊళ్ల సందుల్లో అలాంటిదాన్ని వెనక్కి తిప్పడం ఊహించుకోలేకపోయాను. ఇక్కడ అద్దెకు దొరికేవి ఎక్కువగా వ్యాను మీదే గది కట్టినవి, డ్రైవరు కూడా వస్తాడు. మాకు అదే మేలనిపించింది. ఫోను పెట్టేసే ముందు మరిది అన్న మాట మాత్రం మనసులో నాటుకుంది: "వదినా, ఎన్ని పరుపులున్నాయని అడగొద్దు. మీలో ఎవరికి ఏది కష్టమో అది ముందు చూడండి."

బండి చూసుకోవడానికి బెంగళూరు వెళ్లేముందు ఇంట్లో అత్తయ్య మంచం ఎత్తు టేపుతో కొలిచాను. పద్దెనిమిది అంగుళాలు. అక్కడ చూసిన మొదటి బండిలో ఆరుగురికి పడకలు, పెద్ద టీవీ, రంగురంగుల దీపాలు ఉన్నాయి. మా అమ్మాయి అక్కడే మనసు పారేసుకుంది. నేను పరుపు ఎత్తు కొలిస్తే ముప్పై రెండు అంగుళాలు వచ్చింది. మెట్టు నేల నుంచి నా మోకాలి దాకా ఉంది. మరుగుదొడ్డి తలుపులో పక్కకు తిరిగితే తప్ప పట్టలేదు. రెండోది నలుగురికి సరిపోయే సాదా బండి. వెనక పరుపు ఇరవై అంగుళాల ఎత్తు, తలుపు దగ్గర రెండు చిన్న మెట్లు, కమోడ్ పక్కన గోడకు గట్టి పిడి. తలుపు వేసుకుని, ఆ పిడి పట్టుకుని మూడుసార్లు కూర్చుని లేచాను. పట్టు సడలలేదు. నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లు, మరుగుదొడ్డి ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి, ఇంజను ఆపితే బ్యాటరీ మీద ఫ్యాను ఎంతసేపు తిరుగుతుంది, బండి మొత్తం ఎత్తెంత అని అడిగితే యజమాని తడుముకోకుండా చెప్పాడు. ఏసీకి బయటి కరెంటు కావాలని కూడా తనంతట తనే చెప్పాడు. ఆ ఒక్క నిజాయతీతోనే బయానా ఇచ్చేశాను.

బేలం గుహల దాకా ప్రయాణం హాయిగా సాగింది. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో సందర్శకులు వెళ్లగలిగేది సుమారు కిలోమీటరున్నర. పాతాళగంగ దాకా దిగేసరికి ఉక్కకు చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. అత్తయ్య దిగలేదు. పైకి వచ్చి చూస్తే కిటికీ తెరుచుకుని, వెనక పరుపు మీద చల్లగా నిద్రపోతున్నారు. కారులో అయితే ఆ రెండు గంటలూ మేము లోపల బెంగతో, ఆమె బయట ఎండలో గడపాల్సింది.

బండి ఎత్తు ఎందుకు అడగాలో గండికోటకు వెళ్లే దారిలో తెలిసింది. ఒకచోట చెట్టు కొమ్మలు కిందకు వంగి ఉన్నాయి. పైకప్పు మీద గీసుకున్న చప్పుడు అవుతుంటే డ్రైవరు బండి ఆపి, దిగి చూసి, రోడ్డు మధ్యకు మళ్లించాడు. కోట బయటే బండి నిలిపాం. సాయంత్రం పెన్న లోయ ఎర్రబడుతుంటే మా అమ్మాయి కోట బండల మీద నుంచి కదలనంది.

నీళ్ల విషయంలో మాత్రం నా లెక్క తప్పింది. వంద లీటర్లు అయిదుగురికి చాలనుకున్నాను. రెండో రోజు ఉదయానికే కుళాయి గురగురలాడింది. అనంతపురంలో పుట్టి పెరిగి, ట్యాంకర్ల కోసం బిందెలతో వరుసలో నిలబడ్డదాన్ని, నాకు ముందే తట్టాల్సింది. డ్రైవరుతో కలిపి మనిషికి ఎన్ని లీటర్లో ముందే లెక్కగట్టి, నింపుకునే చోటు తెలుసుకుని బయలుదేరాలి. విడిది వాళ్లు పైపు ఇచ్చి ఆదుకున్నారు. ఒక్క పొయ్యి మీద అయ్యే టిఫిను మాకు ఉగ్గాని ఉండనే ఉంది. బొరుగులు తడిపి పిండి, తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లితే పది నిమిషాల పని.

మూడో రోజు కడప దాటి ఒంటిమిట్ట చేరాం. అత్తయ్య తెల్లవారకముందే బండిలోనే స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, ఎవరి చేయీ పట్టుకోకుండా ఆ రెండు మెట్లూ దిగారు. ఒకే శిలలో వెలసిన సీతారామలక్ష్మణుల ముందు చాలాసేపు నిలబడ్డారు. గర్భగుడిలో హనుమంతుడు లేడేమిటని అమ్మాయి అడిగితే, రాముడు ఆయనను కలుసుకోక ముందటి రూపమని ఓపికగా చెప్పారు.

తిరిగి బయలుదేరి కడప పొలిమేర దాటుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, దాహంగా ఉంది. పెద్ద గ్లాసుతో ఇవ్వు."