బోరు బండి రాకముందే చేయాల్సిన ప్రార్థన

అనంతపురం పల్లెల్లో బోరు వేయించే రోజున పాస్టరుగారిని పొలానికి పిలిచి ప్రార్థన చేయించుకునే విశ్వాసులు ఉన్నారు. అప్పటికే బోరు బండి చేను గట్టు మీదికి వచ్చి ఉంటుంది, అడ్వాన్సు చేతులు మారి ఉంటుంది, ఇంట్లో ఆమె బంగారం బ్యాంకుకు చేరి ఉంటుంది. 'ప్రభువా, నీ చిత్తమైతే నీళ్లు పడనీ' అని ఆమేన్ చెబుతారు. మరి ఆయన చిత్తానికి వదిలింది ఏముంది? వేయాలా వద్దా అన్నది మనమే తేల్చేశాం, నీళ్లు ఇచ్చే పని మాత్రం ఆయనకు అప్పజెప్పాం. ప్రధానానికి (పెళ్లి నిశ్చితార్థానికి) తేదీ పెట్టుకున్నాక సంబంధం గురించి ఉపవాస కూడిక పెట్టించడమూ ఇలాంటిదే.

'తన్ను తాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను' (లూకా 9:23) అన్న ప్రభువు, దాన్ని తాను ఎలా చేశాడో సిలువకు ముందు రాత్రి ప్రార్థించిన గెత్సేమనేలో కనిపిస్తుంది. మత్తయి 26వ అధ్యాయం తీసి 39, 42 వచనాలు పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిసారి 'సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము' అని, అంటే రాబోయే శ్రమ తప్పించమని సూటిగా అడిగాడు, ఆ తర్వాతే 'నీ చిత్తప్రకారమే' అన్నాడు. లేచి వచ్చి చూస్తే శిష్యులు నిద్రపోతున్నారు. రెండోసారి వెళ్లినప్పుడు 'నేను దీనిని త్రాగితేనే గాని' అనే మాట వచ్చింది. తొలగించమన్న మనవి పక్కకు జరిగి, తాగడమే ముందుకు వచ్చింది. మూడోసారీ అవే మాటలు. కుమారుడికే ఒక్క ప్రార్థనతో తేలలేదు. మనం మాత్రం మోకరించిన ఐదు నిమిషాలకే 'అప్పగించేశాను' అంటాం.

అసలు కోరిక నోరు విప్పి చెప్పకుండానే 'అంతా దేవుని చిత్తం' అనేవాళ్లూ ఉన్నారు. అది వినడానికి భక్తిగానే ఉంటుంది, లోపల మాత్రం చాలాసార్లు విసుగే. ఇక బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి ఆ మాట అనడం మరీ అన్యాయం. ఆ తల్లి ఇంకా 'తొలగించు' అనే మొదటి ప్రార్థనలోనే ఉంది.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందు, ఊళ్లో నలుగురికీ చెప్పకముందు మోకరించండి. కావాల్సింది దాచకుండా అడగండి. ఇంతకుముందు ఎండిపోయిన బోర్లనూ, తీరని అప్పునూ పేరుపేరునా ఆయన ముందు పెట్టండి. తర్వాత 'వద్దంటే మానుకుంటాను' అనండి. ఆ మాట గొంతు దాటి రాకపోతే అప్పగింత ఇంకా జరగలేదన్నమాట. మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి. అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరంలో ముల్లులా బాధించినదాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12:8), ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. దేవుడు 'వద్దు' అనే మాట దర్శనంలోనే రావాలనేం లేదు. పక్క చేనివాడి బోరు ఎండిపోవడం, ఇంట్లో ఆమె 'ఇంకో అప్పు వద్దు' అనడం కూడా వినాల్సినవే.

క్రీస్తు శ్రమలను తలచుకునే శ్రమకాల ఉపవాసంలోనూ ఇదే చిక్కు వస్తుంది: పైకి అప్పగింత, లోపల మన ఇష్టమే. బూడిద బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. కడపలో, కర్నూలులో ఎండలు ముదిరే కాలం అది. పొలానికి వెళ్లేవాళ్లు నీళ్లు మానకండి, ఉప్పేసిన మజ్జిగ తాగినా ఉపవాసం చెడదు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అన్నం కాకుండా మరొకటి మానుకోవాలి. పగలంతా పస్తుండి, సాయంత్రం విడిచే పూటకి సంగటి, కోడికూర కావాలంటే ఆ రోజంతా పొయ్యి దగ్గర నిలబడేది కోడలే. మానిన పూట ఖర్చు ఆకలిగా ఉన్నవాళ్లకు చేరాలి. యెషయా 58:3 తప్పుపట్టింది, ఉపవాస దినానే పనివాళ్ల చేత కఠినంగా పని చేయించుకునేవాళ్లను. మీ చేలో కూలీలుంటే మీరు ఉపవాసమున్న రోజున ఎండ ముదరకముందే ఇళ్లకు పంపి, కూలి మాత్రం పూర్తిగా చేతిలో పెట్టండి.