వాడపల్లి సంగమం దగ్గర గల్స్: దసరా నుంచి కార్తీకం దాకా

ఈ సీజన్ గల్స్, అంటే చలికాలానికి వలస వచ్చే తెల్లటి నీటిపక్షులు, దీపావళి దాటాక దిగాయి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, పుట్టీల మీద వలలు లాగే మత్స్యకారుల చుట్టూ తిరుగుతున్నాయి.

అక్టోబర్ మొదట్లో రాసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పైన నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే ఇక్కడ నది ఒడ్డుల నిండా పారుతుంది, పిట్ట వాలడానికి చోటుండదు. నీటికాకులు, తెల్లకొంగలు, అంతే. దసరా తర్వాత నీళ్లు తీసి బండలు, ఇసుక తేలాక కామన్ శాండ్‌పైపర్లు అనే చిన్న ఒడ్డు పిట్టలు, తోక ఊపుకుంటూ తిరిగే తెల్ల వాగ్‌టెయిల్స్ కనిపించాయి. చేపలు పట్టి తినే గద్ద, ఆస్ప్రే, కూడా ఒకటి వచ్చింది. పట్టిన చేపను తల ముందుకు ఉండేలా కాళ్ల మధ్య సర్దుకుని వంతెన మీదుగా ఎగిరిపోయింది. అలా పట్టుకుంటే గాలి అడ్డు తగ్గుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ సర్దుకోవడం చూడబుద్ధేస్తుంది.

ఇక గల్స్. మన దగ్గరికి ఎక్కువగా వచ్చేది బ్రౌన్ హెడెడ్ గల్. లద్దాఖ్, టిబెట్ ఎత్తుల్లో గుడ్లు పెట్టి చలికాలానికి కిందికి వస్తుంది. పేరు చూసి గోధుమరంగు తల కోసం వెతకొద్దు. ఈ నెలల్లో తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గర ఒక నల్లమచ్చ మాత్రం మిగులుతుంది. బ్లాక్ హెడెడ్ గల్‌కూ అదే మచ్చ. అందుకే నేను ముందు రెక్క చూస్తాను. రెక్క కొసన వెడల్పుగా నలుపు, అందులో తెల్లటి చుక్కలు ఉంటే బ్రౌన్ హెడెడ్. రెక్క ముందు అంచు పొడవునా తెల్లగా ఉండి, నలుపు కొసన సన్నగా ఉంటే బ్లాక్ హెడెడ్. కూర్చున్నప్పుడైతే కన్ను: మొదటిదానికి లేత రంగు, రెండోదానికి ముదురు. పిల్ల పక్షులతోనే టెన్షన్. వాటి కన్ను ముదురుగా ఉంటుంది, రెక్క కొసన చుక్కలు కూడా రావు. అప్పుడు నలుపు ఎంత వెడల్పుందో చూసి తేల్చుకోవాలి. తోక చివర నల్లపట్టీ ఉంటే అది పిల్లే.

పుట్టిలో ఉన్న అన్నను గల్స్ ఎప్పుడొస్తాయని అడిగితే, "వల దులిపేటప్పుడు వస్తయ్ సార్, ఉత్తగ రావు" అన్నాడు. నా యాప్‌ల కన్నా ఈ మాటే ఎక్కువ పనికొచ్చింది. అప్పటి నుంచి వలలు తీసే వేళకే వెళ్తున్నాను. వలలోంచి పడే చిన్న చేపల కోసం గల్స్ దగ్గరికి వస్తాయి, రెక్కలు విప్పి చూపిస్తాయి.

కార్తీక పౌర్ణమికి స్నానాల జనం ఎక్కువ, పక్షులు దిగువకు జరిగాయి. రెండు రోజులకు మళ్లీ వచ్చాయి. వాటితో పాటు ఇసుకమీద ఒక పెద్ద పక్షి! పక్కనున్న గల్స్ దాని ముందు పిల్లల్లా ఉన్నాయి. ఏటవాలు నుదురు, కన్ను వెనక మసక, లావాటి పసుపు ముక్కు, దాని కొస దగ్గర నల్లపట్టీ. పల్లాస్ గల్. చేతులు వణికాయి. రెక్క విప్పేదాకా ఆగి, కొసన నలుపు కన్నా తెలుపే ఎక్కువని చూసుకున్నాకే పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో రాశాను. అరుదైనదని యాప్ వివరం అడిగితే ఈ గుర్తులన్నీ ఇచ్చాను.

మొదటిసారి వచ్చేవాళ్లకు: 8×42 బైనాక్యులర్ (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు, స్టాండ్ మీద పెట్టి చూసే స్కోప్ లేకపోయినా నడుస్తుంది. మనం నిలబడేది ఉత్తర ఒడ్డు. చలికాలం సూర్యుడు దక్షిణానికి వంగుతాడు కాబట్టి మధ్యాహ్నం ఎదురెండలో పక్షులన్నీ నల్లగా కనిపిస్తాయి. పొద్దున పడమర వైపు, సాయంత్రం తూర్పు వైపు చూడండి. ఇసుకతిన్నెల మీదికి మాత్రం నడవొద్దు. పైనుంచి నీళ్లు వదిలితే మట్టం చాలా తొందరగా పెరుగుతుంది.

పసుపు ముక్కు, చీలిన తోక ఉన్న రివర్ టెర్న్‌ను గల్ లెక్కలో కలపకండి. అది ఏడాదంతా ఇక్కడే ఉంటుంది, ఎండాకాలం ఆ ఇసుక మీదే గుడ్లు పెడుతుంది.

వచ్చే వారాల్లో సాగర్ జలాశయం వైపు వెళ్లాలి. తల మీద రెండు నల్లగీతలుండే బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతు కోసం.