వానాకాలం ముందు రెయిన్ జాకెట్, టెంట్ మళ్లీ వాటర్‌ప్రూఫ్ చేసుకున్నా, నా అనుభవం

రెయిన్ జాకెట్ లోపల కాస్త తడి తగిలితే చాలు, "ఇది పోయింది, కొత్తది కొనాల్సిందే" అనేస్తారు మన ట్రెక్కింగ్ గ్రూపుల్లో. నేను ఈసారి కొనలేదు, ఉన్నవాటినే బాగుచేసుకున్నా, జాకెట్, టెంట్ రెండూ. ఏ పొర పోయిందో చూసుకోకుండా స్ప్రే కొడితే డబ్బులు దండగ, మొత్తం విషయం ఇదే. ఆగస్టులో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ వెళ్లేవాళ్లకీ, జులై ముసురులో అనంతగిరి వైపు టెంట్ వేసేవాళ్లకీ పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నా.

రెయిన్ జాకెట్‌లో నీళ్లని ఆపే పొర వేరు, నీళ్లని జార్చే పూత వేరు. ఆపేది లోపల ఉండే మెంబ్రేన్, లేదా పీయూ (పాలీయురేథేన్) కోటింగ్. పైగుడ్డ మీద ఉండేది డీడబ్ల్యూఆర్ అనే పూత, దాని పని చినుకు పడగానే తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా చేసి జార్చెయ్యడం వరకే. ఈ పూత వాడేకొద్దీ అరిగిపోవడం మామూలే, ముఖ్యంగా బ్యాగు పట్టీలు రాసుకునే భుజాల దగ్గర, నడుం దగ్గర, చెమట జిడ్డు పట్టే కాలర్ దగ్గర ముందు పోతుంది. పోయాక పైగుడ్డ నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఒంటి ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, మన చెమటే లోపల నీళ్లై చల్లగా తగులుతుంటే మనమేమో జాకెట్ కారుతోంది అనుకుంటాం. చాలాసార్లు అది కారడం కాదు.

నాది ఏ రకమో చూడ్డానికి వంటింట్లో స్టీలు గిన్నె తీసుకొని, జాకెట్ భుజం భాగాన్ని దాని మీద కాస్త గుంటలా పరిచి, చుట్టూ రబ్బరు బ్యాండ్ వేసి ఒక గ్లాసు నీళ్లు పోశా. నిమిషం తిరగకముందే గుడ్డ ముదురు రంగుకి మారిపోయింది, అంటే పైపూత పోయినట్టే. అలాగే వదిలేసి అన్నం తిని వచ్చి, నీళ్లు వంచేసి గిన్నె అడుగున వేలు పెట్టి చూస్తే పొడిగా ఉంది, జాకెట్ లోపలి వైపు కూడా చెమ్మ లేదు. ఆపే పొర బాగానే ఉందన్నమాట. ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే మెంబ్రేనే ఊడిపోతుంటే ఏ స్ప్రే వల్లా లాభం లేదు.

తర్వాత ఉతకడం. దీన్ని చాలామంది వదిలేసి నేరుగా స్ప్రేకి పోతారు, నా దృష్టిలో సగం పని ఇక్కడే అయిపోతుంది. మామూలు డిటర్జెంట్ అవశేషాలు గుడ్డలో మిగిలితే అవే నీళ్లని లాగుతాయి, సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ అయితే ఇంకా ఘోరం, కొత్త పూతని అంటుకోనివ్వదు. అందుకే ఇలాంటి బట్టల కోసమే చేసిన క్లీనర్ తెచ్చా, నిక్‌వాక్స్ టెక్ వాష్, గ్రేంజర్స్ వాళ్లవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. జిప్పులన్నీ పెట్టేసి, టబ్బులో గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కాలర్ దగ్గర మెత్తటి బ్రష్‌తో మెల్లగా రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా జాడించా. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు బాగా ఉప్పు, సబ్బు వేస్తే తెట్టు కడుతుంది, అందుకని మంజీరా నీళ్లు వదిలే రోజు దాకా ఆగి ఆ నీళ్లతోనే చేశా. వెంటనే గిన్నె పరీక్ష మళ్లీ చేయకండి, ముందు ఆరబెట్టి కాస్త వేడి తగిలించి చూడండి, మురికి వల్ల మూసుకుపోయిన పాత పూత ఒక్కోసారి వేడికే మళ్లీ లేస్తుంది, స్ప్రే కొనే అవసరమే రాదు. నా జాకెట్‌లో వీపు, చేతులు అలా లేచాయి, భుజాలు మాత్రం లేవలేదు.

కాబట్టి భుజాలకీ టోపీకీ స్ప్రే. మేడ మీద నీడలో, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మాస్క్ పెట్టుకొని కొట్టా. ఈ స్ప్రేల తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, తలుపులేసుకున్న గదిలో, బాత్రూంలో అస్సలు వద్దు. నేను తీసుకున్నది తడి గుడ్డ మీదే కొట్టాలి, అందుకని ఆరిన జాకెట్‌ని మళ్లీ తడిపి హ్యాంగర్‌కి వేసి అరచెయ్యంత దూరం నుంచి సమానంగా కొట్టి, కొద్ది నిమిషాలాగి బొట్లు కట్టిన చోట తడిగుడ్డతో అద్దేశా, లేకపోతే తెల్లటి మరకలు పడతాయి. లైనింగ్ ఉన్న జాకెట్లకి స్ప్రేనే మంచిది, నీళ్లలో కలిపి ముంచే రకం వాడితే లోపలి గుడ్డ కూడా చెమట పీల్చడం మానేస్తుంది.

ఇక వేడి. పుస్తకాల్లోనూ లేబుళ్ల మీదా డ్రయర్‌లో వెయ్యమని ఉంటుంది, మనలో ఎంతమంది ఇళ్లలో డ్రయర్లు ఉంటాయి చెప్పండి. మా గల్లీ మూల ఇస్త్రీ బండి మల్లయ్య... పేరు వద్దులే, ఇస్త్రీ తాత దగ్గరికి తీసుకెళ్తే ఆయన గుడ్డని బొటనవేలితో రుద్ది చూసి, "గిది నైలాన్ బిడ్డా, నా బొగ్గుల పెట్టెకి ఆగదు, ముడుచుకపోతది, ఇంట్ల కరెంటుది లేదా, సన్నగ పెట్టి మీద నూలుగుడ్డ ఏసి ఒత్తు" అన్నారు. అచ్చం కంపెనీ లేబుల్ మీదున్న మాటే! అలాగే తక్కువ వేడిలో, ఆవిరి ఆపేసి, పాత కాటన్ తువ్వాలు అడ్డం వేసి ఒకేచోట ఆపకుండా ఒత్తుకుంటూ పోయా. చల్లారాక చెంబుతో నీళ్లు చల్లితే చినుకులు పూసల్లాగ కాదు, ఏకంగా పరిగెత్తి జారిపోయాయి, ఇంట్లో వాళ్లందర్నీ పిలిచి చూపించా.

కొనేముందు డబ్బా మీద పీఎఫ్ఏఎస్ లేనిది అని రాసుందో లేదో చూసుకోండి. పాత పూతల్లో పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు వాడేవాళ్లు, అవి నేలలో, నీళ్లలో పడితే విచ్ఛిన్నం కావు. ఆ రకంలోవే అయిన పీఎఫ్‌ఓఎస్‌ని 2009లో, పీఎఫ్‌ఓఏని 2019లో స్టాక్‌హోం అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో పెట్టారు. ఫ్లోరిన్ లేనివి నీళ్లని బాగానే జారుస్తాయి కానీ నూనెని, జిడ్డుని ఆపలేవు, అందుకే మన చెమటకి త్వరగా డల్ అవుతాయి, ఇంకాస్త తరచుగా ఉతుక్కోవాలి. మనం క్యాంపు వేసుకునే చెరువు పక్కన ఆ మందు కలవకుండా ఉండాలంటే ఈ మాత్రం శ్రమ పడొచ్చు.

టెంట్ కథ వేరు. దాని ట్యాగ్ మీద 2000 ఎంఎం అని ఉంటుంది చూడండి, అంటే ఆ గుడ్డ మీద రెండు మీటర్ల ఎత్తు నీటిస్తంభం నిలబడినా కారదని, కానీ అది కొత్తగా ఉన్నప్పటి మాట, పైగా గుడ్డ సంగతే, కుట్ల సంగతి కాదు. మా టెంట్ ఫ్లై (పైన కప్పే వాన గుడ్డ) లోపలి వైపు తిప్పి చూస్తే కుట్ల మీది టేపు అంచులు లేచి పొట్టులా రాలుతోంది. గుడ్డ మీద కోటింగ్ బాగానే ఉంది, కారేది కుట్టులోంచే. ఊడిన టేపు మాత్రమే పీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన గుడ్డతో జిగురంతా తుడిచేసి, సీమ్ గ్రిప్ అనే పీయూ సీలెంట్ ట్యూబ్ తీసుకొని చిన్న బ్రష్‌తో కుట్టు రంధ్రాల్లోకి దిగేలా పూశా, కుట్టుకి అటూ ఇటూ కాస్త పరుచుకునేలా. అది గాల్లో తేమతోనే గట్టిపడే రకం కాబట్టి జూన్ ఉబ్బలో చక్కగా పట్టింది. రాత్రంతా అలాగే పరిచి ఉంచి, పొద్దున మడతల్లో అంటుకోకుండా మొహానికి రాసుకునే పౌడర్ చల్లా.

మా ఫ్రెండ్ టార్ప్ సిల్‌నైలాన్, అంటే సిలికాన్ పూత ఉన్న నైలాన్, దాని మీద ఈ పీయూ ట్యూబ్ పూస్తే పొరలా ఊడొస్తుంది, సిలికాన్ మీద సిలికాన్ తప్ప ఇంకేదీ నిలవదు. దానికి రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు నుంచి రంగులేని వంద శాతం సిలికాన్ సీలెంట్, పెయింట్ కొట్లో మినరల్ టర్పెంటైన్ తెచ్చి, పల్చగా కలిపి బ్రష్‌తో పూశాం. చవకలో అయిపోయింది. షాపాయన "అన్నా, యాక్రిలిక్ ఇయ్యాల్నా" అని అడుగుతాడు, వద్దనండి, అది ఇందుకు పనికిరాదు.

టెంట్ అడుగు భాగం మాత్రం కాపాడుకోలేకపోయాం. ముట్టుకుంటే జిగట, ఒక పులిసిన వాంతి వాసన, ఇది పీయూ కోటింగ్ తేమకి విడిపోతున్నప్పుడు వచ్చే లక్షణం. తడి ఆరకుండా మడిచి పెట్టినా, వేడెక్కే అటక మీద ప్లాస్టిక్ కవర్లో ఏళ్లతరబడి ఉంచినా ఇదే గతి. మొత్తం తుడిచి కొత్త కోటింగ్ వేసే మందులున్నాయి కానీ అంత చోటికి ఖర్చు గిట్టుబాటు కాదనిపించి కింద టార్పాలిన్ వేస్తున్నాం. అది టెంట్ అంచు కన్నా నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి, బయటికి వస్తే ఫ్లై మీంచి జారిన వాన దాని మీద పడి నేరుగా కిందకే చేరుతుంది.

జులైలో అనంతగిరి దగ్గర రాత్రంతా ముసురు పట్టింది, కుట్ల దగ్గర టార్చి వేసి మరీ చూశా, ఒక్క చుక్క దిగలేదు. ఫ్లై లోపల ఆవిరి పట్టింది, అది శ్వాస తేమ, వెంటిలేషన్ కిటికీలు తెరిస్తే తగ్గింది. ఇంటికొచ్చాక టెంట్‌ని ఎండలో కాకుండా వరండాలో ఫ్యాన్ కింద ఆరేశా, మన ఎండ నైలాన్‌ని కూడా తినేస్తుంది మరి. ఇప్పుడు పాత దిండుగలేబులో వదులుగా పెట్టి బీరువా పై అరలో ఉంచాం, అటక ఎక్కించట్లేదు.