సొరంగాల దారిలో చెల్లి పక్కన

విశాఖ స్టేషన్‌లో చెల్లి కాఫీ వద్దంది. మంచి పని చేసింది. కెఫీన్‌తో గుండె దడదడలాడుతుంది, చెల్లిలా పానిక్ డిజార్డర్ (హఠాత్తుగా తీవ్రమైన భయం పదేపదే ముంచెత్తే జబ్బు) ఉన్నవాళ్లకు ఆ దడ చాలు భయం రాజుకోవడానికి. ఇడ్లీ తిని, రోజూ వేసుకునే మాత్ర వేళకే వేసుకుంది. ఖాళీ కడుపుతో వచ్చే వణుకు కూడా పానిక్ అటాక్‌లాగే అనిపిస్తుంది మరి.

కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలు. అరకు చేరేలోపే బోలెడు దాటాలి. తనకు భయం సరిగ్గా ఆ చీకటే, అందుకే ఈ రైలు ఎక్కాం. కాకపోతే సైకాలజిస్టు సాయంతో ముందు లిఫ్టు, తర్వాత సెల్లార్ పార్కింగ్, ఇలా మెట్టు మెట్టుగా అలవాటయ్యాకే. ఒక్కసారిగా సొరంగంలోకి తోసేస్తే భయం ఇంకా ముదరొచ్చు.

శివలింగపురం దాటాక ఒక సొరంగంలో కుర్రాళ్లు ఈలలు వేశారు. వెలుగు వచ్చేసరికి చెల్లి కిటికీ ఊచను పట్టుకున్న పట్టుకి గోళ్లు తెల్లబడి ఉన్నాయి.

"అన్నయ్యా, ఊపిరాడట్లేదు. దిగిపోదాం."

"ఏం కాదులే" అన్నాను. అనకూడదు. ఆ మాటతో క్షణం ఊరట, మరుక్షణం "నిజంగా ఏం కాదా?" అని మళ్లీ అడుగుతారు. ముందురోజు ఇద్దరం అనుకున్న మాటకు వచ్చాను: "భయం వచ్చింది. సాధారణంగా పది నిమిషాల్లోపే పైకెళ్లి, తర్వాత తగ్గుతుంది. నేనిక్కడే ఉన్నా."

ఊపిరాడట్లేదు అనిపిస్తుంది గానీ, నిజానికి అతిగా పీలుస్తుంటారు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. "గట్టిగా పీల్చు" అంటే అది ఇంకా పెరుగుతుంది. ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, నోటితో ఆరు అంకెలు బయటికి. పైకి లెక్కపెట్టకుండా తనకు వినబడేలా నేనే అలా ఊపిరి వదిలాను, కాసేపటికి తనూ అందుకుంది. ఎదుటి సీటు పెద్దావిడ కాగితం సంచిలోకి ఊదించమన్నారు. వద్దన్నాం. ఉబ్బసమో గుండెజబ్బో ఉంటే అది ప్రమాదం. చెల్లికి గుండె పరీక్షలు ముందే అయ్యాయి. మొదటిసారి ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా మాత్రం పానిక్ అని సొంతంగా తేల్చేయకుండా ఆసుపత్రికే పోవాలి.

త్యాడలో బండి ఆగింది. దిగితే భయం వెంటనే తగ్గేది, "దిగాను కాబట్టే బతికాను" అన్నది మనసులో పాతుకుపోయేది. అలాగని చెయ్యి పట్టి ఆపలేదు. "చిమిడిపల్లి దాకా చూద్దాం" అని తనే అంది.

సొరంగం దాటినప్పుడల్లా భయానికి పదిలో ఒక అంకె చెప్పేది: 9, 8, 8, 6. ఆ ఒక్కటి తప్ప మధ్యలో "ఎలా ఉంది?" అని అడగలేదు, అడిగితే ధ్యాస మళ్లీ గుండె మీదికే పోతుంది. మొదట్లో ఫోన్ టార్చి వెలిగించుకుంది, తర్వాత తనే ఆర్పేసింది. లైటు వల్లే గట్టెక్కానని మనసులో మిగలకూడదని తనకు తెలుసు.

తెలుగులోనూ మాట్లాడే ఉచిత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలో ఉంది. కొండల్లో సిగ్నల్‌ను నమ్మలేం, అందుకే ముందే అన్నీ మాట్లాడుకున్నాం.

బొర్రా గుహల స్టేషన్‌లో చాలామంది దిగారు. మేం దిగలేదు, ఆ రోజుకి గుహలు అనుకోలేదు. తర్వాతి సొరంగం దాటాక చెల్లి 4 అని చెప్పి, సంచిలోంచి జామకాయ తీసింది.